నీళ్ళు పోను నికరం

చొక్కా గుండీలన్నీ విప్పి వెనక్కి వాలే కుర్చీలో కూర్చోమన్నారు సిస్టర్ షారోన్ గారు. కూర్చున్నాను. చేతులు చాపమన్నారు, చాపలేదు. రొయ్యల కాటా దగ్గర రోజంతా ఐసులో నానే చేతులండి, చల్లగా ఉంటాయండి, పిల్లకి పడదేమోనండి, అని ఏదో నసిగాను. "మీ చేతులు ఎవరిక్కావాలండీ వీరబాబు గారూ, ఛాతీ చాలు," అంటూ ఆవిడ మా అమ్మాయిని తెచ్చి నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, పైన మెత్తటి గుడ్డ చుట్టి ముడేసేశారు. "గంట సేపు కదలకండేం. గంటయ్యాక బరువు చూస్తాను. మీ ఒంటి వేడే దానికి మందు." ఆవిడ చెప్పులు చప్పుడు చేసుకుంటూ అవతలి ఉయ్యాల వైపు వెళ్ళిపోయాయి. నేనూ, నా గుండెల మీద ఇదీ మిగిలాం. ఒక్క గంటలో తేలిపోతుంది. డాక్టరు శ్రీరామచంద్రమూర్తి గారు పొద్దున మెల్లగానే చెప్పారు, మెల్లగా చెప్పే మాటలకే భయం వేస్తుంది నాకు. "కిలో ఆరువందల నలభై దగ్గర ఆగిపోయిందయ్యా. ఇవాళ కూడా పెరక్కపోతే మళ్ళీ కాకినాడ పంపించేద్దాం." కాకినాడ అంటే మళ్ళీ గాజు పెట్టె, ముక్కులో గొట్టం, అద్దం అవతల మేము. అక్కడి నుంచి తెచ్చుకున్న రోజు అంబులెన్సు ఊళ్ళోకి రాగానే మా ఆవిడ దుర్గాశ్రీ దాన్ని కొంచెం ఎత్తి, ఇదిగోనమ్మా మనూరు యానాం, అని కిటికీలోంచి చూపించింది, కళ్ళు మూసుకుని నిద్రపోతున్న దానికి. ఇప్పుడు దుర్గకి జ్వరం. తగ్గేదాకా పిల్ల దగ్గరికి రావద్దన్నారు, వరండా అవతల ఆడవాళ్ళ వార్డులో పడుకుంది. అందుకే ఈ కుర్చీ నా వంతుకి వచ్చింది. లేకపోతే నేను కూర్చునేవాణ్ణి కాదు.

తూకం నాకేం కొత్త కాదు. దరియాలతిప్ప దగ్గర రొయ్యల షెడ్డులో కాటా నాదే. లారీ నిండేది టన్నుల్లో, రైతుతో మాట తేలేది కిలోల్లో. టన్నుకి వెయ్యి కిలోలు, కిలోకి వెయ్యి గ్రాములు, గ్రాముకి వెయ్యి మిల్లీగ్రాములు, అన్నీ వెయ్యేసి మెట్లు. బళ్ళో మాస్టారు ఆ మెట్ల మధ్యలో హెక్టోగ్రాము, డెకాగ్రాము, డెసి, సెంటీ అని ఇంకా బోలెడు పొట్టి మెట్లు బట్టీ వేయించారు, తప్పితే తొడపాశం పెట్టేవారు. ఇన్నేళ్ళ కాటా ఉద్యోగంలో ఒక్క హెక్టోగ్రాము కూడా నాకు ఎదురుపడలేదు, ఎక్కడున్నాడో మహానుభావుడు. కిలో అనే మాట ఫ్రెంచివాళ్ళదని, యానాం ఏలింది వాళ్ళే కాబట్టి అది మన సొత్తని, మా తాత ఏటవతలి వాళ్ళతో పోట్లాడేవాడట. నాకు ఒళ్ళు మండే మాటలు రెండున్నాయి, ఒకటి కొంచెం, రెండోది చాలా. "సరుకు చాలా ఉందండి" అంటాడు రైతు. చాలా అనే అంకె ఏ కాటా మీదా లేదు బాబూ, ఎక్కించు చూద్దాం, అంటాను. ఇంట్లో కూరలో ఉప్పు కొంచెం తక్కువైందని దుర్గ అంటే, కొంచెమంటే ఎన్ని గ్రాములని అడిగి గరిటె దెబ్బ తృటిలో తప్పించుకున్న వాణ్ణి. అంత లెక్కల మనిషినే గానీ, మా పెద్ద కాటా యాభై గ్రాములేసి గెంతుతుంది. యాభైకి లోపుదేదీ దానికి కనిపించదు, నేనూ పట్టించుకోను. ఈ పిల్ల రోజుకి పెరగాల్సింది పాతికో ముప్పయ్యో గ్రాములు. మా కాటాకి కనిపించనంత జాగాలో దీని బతుకు నడుస్తోంది. టన్నుల దగ్గర నిలబడి అన్నేళ్ళు అరిచాను గానీ, అంత కింది మెట్టు మీద ఎవరైనా ఉంటారని ఎప్పుడూ వంగి చూడలేదు.

కిటికీలోంచి గాలి వస్తోంది, గోదారి మీది గాలి, దానికి తగలకుండా గుడ్డ అంచు గడ్డంతో నొక్కాను. టోపీ కిందనుంచి దాని జుట్టు నా మెడకి తగులుతోంది, పాల వాసన, ఏదో మందు వాసన. ఎంత తేలిగ్గా ఉందంటే, లేదేమోనని రెండుసార్లు చూసుకున్నాను. కిలో ఆరువందల నలభై. ఏ మెట్టు మీద నిలబడి చెబుతున్నామన్న దాన్ని బట్టి అది మారిపోతుంది. ఒకటి పాయింట్ ఆరు నాలుగు కిలోలంటే గుండె జారుతుంది. పదహారు వందల నలభై గ్రాములంటే ఫరవాలేదు, కాస్త మనిషిలా వినిపిస్తుంది. టన్నుల్లో చెబితే సున్నాల వెనక సున్నాలు నడిచాక ఎక్కడో ఒకటీ ఆరూ నాలుగూ, ఉన్నట్టో లేనట్టో. మిల్లీగ్రాముల్లో చెబితే మాత్రం పదహారు లక్షల నలభై వేలు, మహారాణి. దుర్గకి ఆ లెక్క చెప్పాను మొన్న. "మరి ఆ లక్షల్లోనే చెప్పు మావా అందరికీ, ఎందుకూ ఆ దిక్కుమాలిన కిలోలు," అని నవ్వింది. ప్రసవం తర్వాత అదే మొదటిసారి నవ్వడం. మా అమ్మ వెంకటలక్ష్మి అయితే మొదట్నుంచీ ఈ గ్రాముల గొడవే వినదు. "పిల్లని పిల్లలా చూడండ్రా, బెల్లంలా కాదు," అంటుంది. తండ్రి ఛాతీ మీద పడుకోబెట్టడాన్ని కంగారూ పద్ధతి అంటారని చెబితే, "కంగారు పడ్డం మనకి ఒకళ్ళు నేర్పాలేటి," అని మూతి తిప్పింది.

రొయ్యల లెక్క వేరు. అక్కడ కౌంటు. కిలోకి ఎన్ని తూగితే అన్ని కౌంటు. వంద కౌంటంటే ఒక్కోటి పది గ్రాములు, పిల్ల రొయ్య. యాభై కౌంటంటే ఇరవై గ్రాములు. ముప్పై కౌంటంటే ఒక్కోటి ముప్పై మూడు గ్రాములు, రైతు మీసం తిప్పే సరుకు. అంకె తగ్గే కొద్దీ రొయ్య పెరిగినట్టు. చెరువు మీద నుంచి ఫోను వస్తుంది, అంకె తగ్గిందండీ అంటారు, హమ్మయ్య అంటాం, పొద్దస్తమానం ఇదే. ఇది పుట్టిన కొత్తలో కాకినాడ నుంచి నర్సమ్మ ఫోను చేసింది, నేను కాటా దగ్గరే ఉన్నాను, చెవిలో లారీ హోరు. పుట్టినప్పుడు పద్నాలుగు వందల ఇరవై, ఇవాళ పదమూడు వందల ముప్పైకి తగ్గిందండీ, అంది. హమ్మయ్య, మంచిదండీ, అన్నాను. నోరు దానంతట అది అనేసింది. ఆవిడ ఫోను స్పీకరులో పెట్టిందని, పక్క మంచం మీద దుర్గ వింటోందని నాకెలా తెలుస్తుంది. నేను వెళ్ళేసరికి గోడ వైపు తిరిగి పడుకుంది. పుట్టిన కొత్తలో పిల్లలందరూ కాస్త తగ్గుతారట, అది మామూలేనట, డాక్టర్లు చెప్పారు, అయినా నా హమ్మయ్య మామూలు కాదు కదా. కౌంటు అలవాటే దుర్గా, ఆ లెక్కలో అన్నాను, అని ఎంత చెప్పినా తిరగలేదు. "మన పిల్లని కౌంటులో చూస్తే ఎంత," అంది గోడతోనే. లెక్క కట్టి చెప్పాను, ముప్పై కౌంటు రొయ్యలు నలభై తూగుతుంది. "నలభై రొయ్యలా," అని ఏడ్చింది. ఇప్పుడైతే నలభై తొమ్మిది. ఈ లెక్క దుర్గకి చెప్పలేదు.

ఊపిరి తీస్తోంది. నా ఊపిరి మీద దాని ఊపిరి ఎక్కి దిగుతోంది, ఏది ఎవరిదో తెలియడం లేదు. కాకినాడలో ఉన్నప్పుడు ఇది ఊపిరి తీయడం మర్చిపోయేది. నెలలు నిండని పిల్లలకి అలా అవుతుందట, గుర్తు చేయడానికి మందు వేసేవారు, కాఫీలో ఉండేదే. ఎంత వేస్తారండీ అని అడిగాను, అడక్కుండా ఉండలేను. ఎనిమిది మిల్లీగ్రాములన్నారు. గ్రాములో నూట పాతికో వంతు. మా షెడ్డులో ఆ బరువు పేరు దుమ్ము, గాలికి లేచిపోతుంది, ఎవరూ తుడవను కూడా తుడవరు. ఆ దుమ్మంత మందు మా అమ్మాయికి రోజంతా ఊపిరి గుర్తు చేసేది. అప్పట్నుంచి షెడ్డులో కాటా పళ్ళెం మీద ఏం పడ్డా ఊదేయబుద్ధి కాదు. ఆ మందు ఆపేశారు ఇప్పుడు, ఇక అక్కర్లేదన్నారు. సిస్టర్ గారు మాత్రం ఒక మాట చెప్పి ఉంచారు, వీపు కదలడం ఆగినట్టనిపిస్తే చేత్తో మెల్లగా రుద్దండి, గుర్తొస్తుంది, అని.

చేత్తోనట. నా కుడి చెయ్యి ఇంకా కుర్చీ చేతి మీదే ఉంది. షెడ్డులో ఈ చెయ్యి మీద పందేలు కాస్తారు. గుప్పెడు రొయ్యలు తీసి అరచేతిలో ఒక్కసారి ఆడిస్తే చాలు, అంకె వచ్చేస్తుంది, కాటా తర్వాత వచ్చి అవునంటుంది. అది నా గొప్ప. ఆ గొప్పే నాకు తగులుకుంది. దీనికి ముందు ఒకటి కడుపులోనే పోయింది మాకు, ఆరో నెలలో. గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు, దుర్గకి ఇంకా స్పృహ రాలేదు. అప్పుడు చెయ్యి చెప్పేసింది, ఆరువందల గ్రాములని. ఎవరూ అడగలేదు. ఏడవడానికి కూడా ముందే అంకె వచ్చేసింది నాకు. ఆ బరువు చేతిలో కదల్లేదు, అటూ ఇటూ ఒరగలేదు, కాటా మీద అంకె అంత నిలకడగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. దుర్గకి చెప్పలేదు, ఏమని చెబుతాను. ఆ ఆరువందల గ్రాములు ఇప్పటికీ నా చేతిలోంచి దిగలేదు. ఏ క్రేటు ఎత్తినా దాని కింద అవి ఉంటాయి. అందుకే ఇది పుట్టాక ఎత్తుకోలేదు నేను. ఐసు చేతులన్నాను, చేపల కంపన్నాను, స్నానం చేసి వస్తానని వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అన్నీ సాకులే. చెయ్యి మళ్ళీ అంకె చెబుతుందేమో, ఆ అంకె చాలదేమో అని భయం. ఇంతకు మించి ఏమీ లేదు.

వీపు ఆగింది. లేదు, ఆగలేదు, నేనే ఊపిరి బిగపట్టానేమో, నేను వదిలినా గుడ్డ లేవలేదు, చెయ్యి లేచింది, నన్నడగలేదు, గుడ్డ సందులోంచి లోపలికి వెళ్ళి దాని వీపు మీద పడింది. అరచేతిలో సగం కూడా లేని వీపు. రుద్దాను. అమ్మా, నా తల్లీ, గుర్తు తెచ్చుకోమ్మా, అన్నాను, పైకే అన్నానేమో. ఒకసారి వణికింది, వెచ్చటి గాలి నా మెడ మీద పడింది, మళ్ళీ ఎక్కడం, దిగడం, కాలి మడమతో నా పొట్టలో ఒక తన్ను. చెయ్యి అక్కడే ఉంచేశాను. ఇక తీస్తే ఎవరికి ఉపయోగం. అంకె వస్తుందని కళ్ళు మూసుకుని ఎదురు చూశాను, చెప్పు, ఏదైతే అదయింది, చెప్పేయ్. చెయ్యి ఏమీ చెప్పలేదు. వెచ్చగా ఉందని చెప్పింది, మెత్తగా ఉందని చెప్పింది, వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయని చెప్పింది, బరువు మాత్రం చెప్పలేదు. వీధిలో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది, దానికి ఉలిక్కిపడి మళ్ళీ తన్నింది. నేను ఏడుస్తున్నాను, తుడుచుకోవడానికి ఎడం చెయ్యి ఉంది గానీ తుడుచుకోలేదు.

అప్పుడు వెచ్చగా తడిసింది. నా బొడ్డు మీద నుంచి పక్కకి, ప్యాంటు నడుములోకి. మొదట నవ్వొచ్చింది. వెంటనే లెక్క తట్టింది, నీళ్ళంటే మిల్లీలీటరుకి గ్రాము. ఎంత పోసింది, పదా, పన్నెండా, పది అనుకో, ఒక వంద కౌంటు రొయ్య అంత, ఇంకాసేపట్లో తూకం పెట్టుకుని ఇప్పుడా తల్లీ. పెరిగిందేదో ఇలా నా ప్యాంటులోకి పోతే కాటా మీద ఏం మిగులుతుంది. సిస్టర్ షారోన్ గారు వచ్చి గుడ్డ ముడి విప్పుతుంటే ఆపేశాను.

"ఇప్పుడొద్దండి సిస్టర్ గారూ. ఉచ్చ పోసిందండి."

"పోయనివ్వండి, మంచిదే. తాగిన పాలు ఒంటబడుతున్నాయని."

"అది కాదండి. పది గ్రాములు పోయాయండి అందులో. పాలు పట్టాక తూద్దామండి. లేకపోతే ఇదిగో, నా ప్యాంటు మీదున్నవి కూడా కలిపి చూడండి. ఆ నీళ్ళు కూడా మా అమ్మాయివేనండి."

ఆవిడ నన్ను చూసి, నా ప్యాంటు చూసి, నవ్వు బిగబట్టుకున్నారు. "మా పిన్ని గారి చెరువు రొయ్యలు మీ షెడ్డుకే వస్తాయండి. నీళ్ళు కారి కారి ఆగేదాకా కాటా ఎక్కనివ్వరంటగా మీరు. నీళ్ళు పోను నికరమెంతో చెప్పండి అంటారంట."

అంటాను, నిజమే. ఆంథోనీ అని ఒక రైతు ఉన్నాడు, క్రేటు అడుగున నీళ్ళు నిలిపి తెస్తాడు ప్రతిసారీ. "నీళ్ళు కూడా మా చెరువువే కదండీ వీరబాబు గారూ," అంటాడు, క్రేటు వంచేసి వార్చేవాణ్ణి, నలుగురూ నవ్వేవారు. ఇప్పుడు ఆంథోనీ మాటే, చెరువు బదులు అమ్మాయి, అంతే తేడా, నా నోట్లోంచి వచ్చింది. "నిన్న పాలకి ముందు తూచామండి, ఇయ్యాళా పాలకి ముందే తూచాలి," అన్నారు ఆవిడ, దాన్ని నా మీద నుంచి తీసుకుంటూ. గుండెల మీద ఒక్కసారిగా చల్లగా అయిపోయింది.

టోపీ తీశారు, తడి గుడ్డ తీశారు, కాటా మీద పొడి గుడ్డ పరిచి సున్నా నొక్కారు. అంతా సరిగ్గానే చేస్తున్నారు, నాకు వంక దొరకలేదు. అప్పుడు కనిపించింది దాని నడుముకి నల్ల మొలతాడు, దానికి చిన్న తాయెత్తు. మా అమ్మ కట్టింది నిన్న సాయంత్రం, తూకం అయిపోయాక. నిన్నటి తూకంలో అది లేదు. సిస్టర్ గారికి తెలియదు, నాకు తెలుసు. నోరు మూసుకుంటే ఎన్నో కొన్ని గ్రాములు కలిసొస్తాయి, ఎన్ని పెరిగినా పెరిగినట్టే కదా, కాకినాడ తప్పుతుంది. నోరు మూసుకున్నాను. ఆవిడ దాన్ని కాటా మీదికి దించబోతున్నారు. షెడ్డులో రైతు నీళ్ళు పోస్తే మోసపోయేది షావుకారు. ఇక్కడ నేను పోస్తే మోసపోయేది ఇదే, దీనికి నిజంగా ఏదైనా కావలసి ఉంటే అది అందకుండా పోతుంది.

"ఆగండి సిస్టర్ గారూ. మొలతాడు నిన్న లేదండి."

నేనే విప్పాను. ముడి రాలేదు కాసేపు, మా అమ్మ ముడి అంత తొందరగా రాదు. తాయెత్తు అరచేతిలో పడగానే చెయ్యి చెప్పేసింది, నాలుగు గ్రాములు. చెయ్యి చెడిపోలేదన్నమాట. మరి ఇందాక ఎందుకు చెప్పలేదు.

కాటా మీద పెట్టారు. ఎర్రంకెలు లేచాయి. పదహారు వందల డెబ్భై, పదిహేను వందల తొంభై, పదిహేడు వందల పది, పదహారు వందల ముప్పై. "అబ్బ, ఆగవే తల్లీ," అన్నారు సిస్టర్ గారు. ఆగదు. కాళ్ళు తన్నుతోంది, పిడికిళ్ళు ఊపుతోంది, చలేసిందో కోపమొచ్చిందో ముఖం ఎర్రగా చేసుకుని ఇంత గొంతుతో ఏడుస్తోంది. రొయ్య కాటా మీద కదలదు, ఐసు కదలదు, ఆ ఆరువందల గ్రాములు కదల్లేదు. నా కాటా మీద అంకె ఇలా గెంతితే మిషను పాడైందని తిట్టేవాణ్ణి. ఇది తన్నుతోంది కాబట్టి అంకె నిలవడం లేదు. ఇది తన్నింది కాబట్టే చెయ్యి చెప్పలేకపోయింది. నిలవద్దు, గెంతనీ, ఎంత సేపైనా గెంతనీ, అనుకున్నాను.

సిస్టర్ గారు దాని పొట్ట దగ్గర రెండు వేళ్ళు గాల్లో ఆడించి ఏదో పాడారు, అది ఏడుపాపి విన్నది. ఆ రెండు క్షణాల్లో నిలిచింది.

పదహారు వందల అరవై ఐదు.

"పాతిక పెరిగిందండి. మీ నీళ్ళు పోను, తాయెత్తు పోను," అన్నారు సిస్టర్ షారోన్ గారు. "డాక్టరు గారికి చెబుతాను. వెళ్ళండి, వాళ్ళమ్మతో చెప్పి ప్యాంటు మార్చుకోండి."

పాతిక గ్రాములు. మా పెద్ద కాటాకి కనిపించని పాతిక. గుండీలు పెట్టుకోకుండానే వరండాలోకి వచ్చాను, చొక్కా తడి, ప్యాంటు తడి, ఎవరో ఆడవాళ్ళు చూసి పక్కకి తప్పుకున్నారు. అవతలి వార్డు కిటికీ ఊచలు పట్టుకుని దుర్గ నిలబడి ఉంది, ఎప్పట్నుంచి నిలబడిందో, జ్వరంతో పెదాలు ఎండిపోయి. నా తడి ప్యాంటు చూసింది, నా ముఖం చూసింది, ఏమీ అర్థం కాలేదు దానికి.

"తగ్గిందా?" అంది.

"పెరిగింది దుర్గా."

"ఎంత మావా?"

అంకె నోటి దాకా వచ్చింది. గ్రాముల్లో వచ్చింది, మిల్లీగ్రాముల్లో వచ్చింది. నా కుడి చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది, దాన్ని ఊచల్లోంచి లోపలికి పెట్టి దుర్గ చెంప మీద ఆనించాను.

"చాలా," అన్నాను.